గ రి స స: లైప్‌జిగ్‌లో షూమన్, బ్రామ్స్ విన్న అనుభవం

పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్తలు రాబర్ట్ షూమన్ ఎ మైనర్ పియానో కన్సర్టో (ఒక ప్రధాన వాద్యానికీ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన రచన), యోహానెస్ బ్రామ్స్ నాలుగో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసిన పెద్ద రచన) ఒకే సాయంత్రం వినే అవకాశం లైప్‌జిగ్‌లో ఉంటున్న నాకు ఈ శీతాకాలంలో కలిగింది. చిన్నప్పుడు రాజమండ్రిలో కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను కాబట్టి నా చెవికి స్వరం, తాళం తెలుసు. అరగంట, నలభై నిమిషాలు సాగే ఆర్కెస్ట్రా రచనను మొదటి నుంచి చివరిదాకా తోవ తప్పకుండా వినడం మాత్రం ఈ కచేరీకి సిద్ధమవుతూనే నేర్చుకున్నాను. మన సంగీతం తెలిసి, విదేశాల్లో ఉంటూ, ఈ సంగీతం దగ్గరికి ఎలా వెళ్ళాలో తెలియక ఆగిపోయినవారికి పనికొస్తుందని ఆ క్రమమంతా రాస్తున్నాను.

టికెట్టు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే పియానో ఉన్న కచేరీలో ఎక్కడ కూర్చుంటామన్నది వినికిడిని చాలావరకు నిర్ణయిస్తుంది. లైప్‌జిగ్ కచేరీ భవనం గెవాండ్‌హౌస్ నగరం నడిబొడ్డున ఆగస్టుస్‌ప్లాట్స్‌లో, ఒపెరా భవనానికి ఎదురుగా ఉంటుంది. 1743లో ఇక్కడి వర్తకులు మొదలుపెట్టిన కచేరీల నుంచి పుట్టిన వాద్యబృందానికి ఇది మూడో భవనం, 1981లో తెరిచారు. పెద్ద హాల్లో దాదాపు 1900 మంది కూర్చోవచ్చు. కుర్చీలు వేదికకు ఎదురుగానే కాకుండా పక్కలా వెనకా కూడా ఉంటాయి. వేదిక వెనక కూర్చుంటే కండక్టరు ముఖం చూడవచ్చు, టికెట్టు కూడా చవక. అయితే పియానో మూత ప్రేక్షకుల వైపు తెరుచుకుని ధ్వనిని ముందుకే పంపుతుంది కనుక వెనక ఉన్నవారికి ఆ నాదం మసకబారి చేరుతుంది. పియానిస్టు ఎప్పుడూ మనకు ఎడమ వైపున కూర్చుంటాడు కాబట్టి హాలుకు ఎడమ పక్కన, మధ్య వరుసల్లో తీసుకుంటే వేళ్ళూ కనబడతాయి, ధ్వనీ నిండుగా వస్తుంది. ఇక్కడే చదువుకుంటున్న మా పిన్ని కూతురికీ నాకూ అటువైపే రెండు సీట్లు తీసుకున్నాను.

ఆ తరువాత కొన్ని వారాల పాటు ఇంట్లో విన్నాను. ఈ రెండు రచనల స్కోర్లూ, అంటే అన్ని వాద్యాల స్వరలిపి ఉన్న పుస్తకాలూ, కాపీరైటు కాలం దాటినవే కాబట్టి ఐఎంఎస్‌ఎల్‌పీ అనే సైటులో ఉచితంగా దొరుకుతాయి. పాశ్చాత్య లిపి ధారాళంగా చదవడం రాకపోయినా, ఏ వాద్యం ఎప్పుడు వస్తోందో, ఏ బార్‌లో (గీతల మధ్య ఉండే తాళపు గడిలో) ఎన్ని మాత్రలున్నాయో చూసుకోవడానికి అది చాలు. నేను చేసిన పని ఒక్కటే: ప్రతి భాగంలోనూ ముఖ్యమైన పల్లవి లాంటి వాక్యాన్ని పట్టుకుని, దాన్ని సరిగమల్లోకి మార్చుకుని, గొంతెత్తి పాడుకున్నాను.

షూమన్ కన్సర్టోలో ఆ పని వెంటనే ఫలించింది. ఆర్కెస్ట్రా అంతా కలిసి ఒక్క దెబ్బ వేస్తుంది, పియానో పై స్థాయి నుంచి కిందికి జలజలా దిగుతుంది, అంతలో అన్నీ ఆగి ఓబో అనే ఊదే వాద్యం ఒక పాట ఎత్తుకుంటుంది. ఎ అనే స్వరాన్ని షడ్జం చేసుకుంటే ఆ పాట మొదటి నాలుగు స్వరాలు గ, రి, స, స. గాంధారం సాధారణ గాంధారం, అంటే అంతర గాంధారానికి అర స్వరం కిందిది. ఇంత చిన్న వాక్యం! జర్మన్లు బి స్వరాన్ని హెచ్ అంటారు కనుక ఆ నాలుగు స్వరాలూ వాళ్ళ లెక్కలో సి, హెచ్, ఎ, ఎ అవుతాయి. షూమన్ తన రచనల్లో పియానో విద్వాంసురాలైన భార్య క్లారాకు పెట్టుకున్న కియారా (Chiara) అనే పేరులోని అక్షరాలే ఇవని చాలామంది చెబుతారు. ఆ పేరు నిజంగా అతని మనసులో ఉందో లేదో గాని, ఆ రచన మాత్రం క్లారా చేతులను ఉద్దేశించిందే. 1840 సెప్టెంబరులో వాళ్ళిద్దరూ లైప్‌జిగ్ పక్కనే ఉన్న షోనెఫెల్డ్ చర్చిలో పెళ్లి చేసుకుని, ఈ ఊళ్ళోనే ఇన్సెల్ వీధిలో కాపురం పెట్టారు. ఆ మరుసటి ఏడు షూమన్ పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి ఒకే భాగం గల ఫాంటసీ రాశాడు. 1841 ఆగస్టులో క్లారా నిండు గర్భిణిగా ఉండి అప్పటి గెవాండ్‌హౌస్‌లో దాన్ని వాయించి చూసింది. ప్రచురించడానికి ఎవరూ ముందుకు రాలేదు. 1845లో డ్రెస్డెన్‌లో ఉండగా మరో రెండు భాగాలు చేర్చాక అది కన్సర్టో అయింది. ఆ డిసెంబరు 4న క్లారా డ్రెస్డెన్‌లో తొలిసారి వాయించి, 1846 జనవరి 1న లైప్‌జిగ్‌లో వినిపించింది. ఇన్సెల్ వీధి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. కచేరీకి ముందు ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి ఆ గదులు చూసి వచ్చాను. ఆ కాలపు దంపతులు తమ ఇంట్లో వాయించుకునే పరిమాణంలోనే ఈ కన్సర్టోలో ముప్పాతిక వంతు ఉందని అక్కడ నాకు గట్టిగా అనిపించింది.

మొదటి భాగమంతా ఆ గ రి స స నుంచే పెరుగుతుంది. మామూలుగా రెండు వేర్వేరు పాటలు ఉండవలసిన చోట షూమన్ ఆ ఒక్క పాటనే మేజర్‌లోకి, అంటే అంతర గాంధారం గల స్వరవరుసలోకి, మార్చి తెస్తాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు నడిమిలో వస్తుంది. వేగం తగ్గి, పియానో, క్లారినెట్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు అదే పాటను ఎ ఫ్లాట్ మేజర్‌లో నెమ్మదిగా వాయిస్తాయి. అక్కడ షడ్జం అర స్వరం కిందికి దిగింది, మొదలయ్యే సి స్వరం మాత్రం ఉన్నచోటే ఉంది. అందువల్ల ఇంతవరకూ సాధారణ గాంధారంగా వినిపించిన ఆ స్వరమే ఇప్పుడు అంతర గాంధారమై కూర్చుంటుంది. గ్రహభేదం, అంటే షడ్జాన్ని మార్చి అవే స్వరాలను మరో రాగంగా వినిపించడం, చేసి చూపించే గాయకుల కచేరీలు విన్నవారికి ఆ క్షణం కలిగించే విస్మయం ఎలాంటిదో చెప్పనక్కరలేదు. రెండో భాగం చిన్నది, తేలికైనది. మధ్యలో చెల్లోలు (వయొలిన్ కంటే పెద్దవైన, మంద్రంగా మోగే తీగవాద్యాలు) పాడే దీర్ఘమైన పాట దాని ప్రాణం. అది ముగిసేచోట క్లారినెట్లూ బసూన్లూ గ రి స అని ఒకసారి అంతర గాంధారంతో, వెంటనే సాధారణ గాంధారంతో గుర్తుచేస్తాయి. అక్కడి నుంచి ఆగకుండానే మూడో భాగం మొదలవుతుంది.

మూడో భాగంలో చిక్కు తాళంలో ఉంది. బార్‌కు మూడు మాత్రలు. రెండు బార్లు కలిపితే ఆరు. రెండో పాట వచ్చేటప్పుడు తీగవాద్యాలు ఆ ఆరు మాత్రలను తకిట తకిట అని కాకుండా తక తక తక అని విరుస్తాయి, అదీ బాగా తగ్గించిన ధ్వనితో, మధ్యమధ్య ఖాళీలు వదులుతూ. కాగితం మీద తాళం మారదు, కండక్టరు మూడు మాత్రల లెక్కనే మనసులో పెట్టుకోవాలి, చెవికి మాత్రం వేరే నడక వినబడుతుంది. వాద్యబృందాలు ఈ చోట జాగ్రత్తపడతాయని స్కోరు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఇంట్లో నేను కుడిచేత్తో తకిట వేస్తూ నోటితో తక తక అంటూ చాలాసేపు సాధన చేశాను. అది కుదిరిన తరువాత ఆ చోటు గందరగోళంగా కాకుండా, మృదంగ విద్వాంసుడు నడక మార్చినప్పుడు కలిగే ఉత్సాహంతో వినిపించింది.

బ్రామ్స్ నాలుగో సింఫనీ ఇంతకంటే గట్టి పిండం. 1884, 1885 వేసవుల్లో ఆస్ట్రియాలోని మ్యూర్త్సుష్లాగ్‌లో రాసి, 1885 అక్టోబరు 25న మైనింగెన్‌లో తానే నిర్వహించి తొలిసారి వినిపించాడు. మొదలవగానే వయొలిన్లు రెండేసి స్వరాల జతలు వాయిస్తాయి, జతకూ జతకూ మధ్య ఊపిరి తీసుకునేంత ఎడం ఉంటుంది. ఇ ను షడ్జం అనుకుని రాసుకుంటే ఆ జతలు: ప గ, స ధ, మ రి, ని ప. రాసుకున్నాక కాగితం వంక కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. అవి కీరవాణి ఏడు స్వరాలు. ఒక్కటీ వదలకుండా, మూడేసి స్వరాల దూరంతో దిగే గొలుసులా కట్టి, చివర పంచమానికి తిరిగి వచ్చాడు. అందులో కీరవాణి రాగం ఉందని నేను అనను. రాగానికి స్వరాలు చాలవు, నడత కావాలి. అయినా నా చెవి నిలబడటానికి అక్కడ ఒక చోటు దొరికింది. రెండో భాగం ఆరంభంలో హార్న్‌లు ఒంటరిగా ఎత్తుకునే వాక్యం ఇంకా వింతైనది. అక్కడ వచ్చే స్వరాలన్నీ తోడి స్వరస్థానాలే: శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. గమకం లేని తోడి స్వరాలు, కొమ్మువాద్యంలో, చలిదేశపు ప్రార్థనలా మోగుతాయి. కొద్ది బార్లలోనే మేజర్ వచ్చి ఆ రంగును కప్పేస్తుంది. మూడో భాగం హుషారైనది, ట్రయాంగిల్ మోగుతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి నాకు తోచదు.

నాలుగో భాగం కోసమే నేను ఈ కచేరీకి వెళ్ళాను. పాసకాలియా అనే పాత రూపంలో, ఎనిమిది బార్ల ఒక చిన్న వరుస మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది, దాని మీద ప్రతిసారీ కొత్త కల్పన. ఆ వరుసను బ్రామ్స్ తనకంటే చాలా ముందటి స్వరకర్త బాఖ్ రాసిన 150వ కాంటాటా (చర్చి గానరచన)లోని చివరి భాగం నుంచి తీసుకుని, మధ్యలో ఒక స్వరం చేర్చాడు. బార్‌కు ఒక స్వరం చొప్పున అది స రి గ మ, మ ప, ప స. మొదటి మధ్యమం శుద్ధం, రెండోది ప్రతి. బ్రామ్స్ చేర్చినది ఆ ప్రతి మధ్యమమే. మనకు రెండు మధ్యమాలు అలా పక్కపక్కన రావడం అరుదు, అందువల్ల అక్కడ చెవి ఉలిక్కిపడుతుంది, ఆ ఉలికిపాటు తరువాత పంచమం చేరడం గొప్ప ఊరటగా ఉంటుంది. బార్‌కు మూడు మాత్రలు, ఎనిమిది బార్లు: త్రిశ్ర నడకలో ఆది తాళం ఒక ఆవర్తనం. నాలుగు అక్షరాల లఘువులో స రి గ మ, రెండేసి అక్షరాల ద్రుతాల్లో మొదటిదానిలో మ ప, రెండోదానిలో ప స. చేత్తో వేసి చూడండి, అంగాలకూ స్వరాలకూ ఎంత చక్కగా కుదురుతుందో తెలుస్తుంది. ఆ వరుస మొదటిసారి వినిపించినదాన్ని లెక్కలో చేర్చకపోతే, ఇలా ముప్పై ఆవర్తనాలు తిరుగుతాయి, ఆ తరువాతే ముగింపు చక్రాన్ని తెంచుకుని పరుగెత్తుతుంది. పన్నెండో ఆవర్తనంలో ఫ్లూట్ ఒంటరిగా పాడుతుంది. అక్కడ మాత్ర వేగం అలాగే ఉంచి బార్ నిడివిని రెట్టింపు చేయమని బ్రామ్స్ రాశాడు. మన లెక్కలో చెప్పాలంటే రెండు కళల ఆది తాళంలోకి వెళ్ళాడు. సింఫనీ మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించినవి ఆ ఎనిమిది బార్లు.

కచేరీ రోజున గంట ముందే వెళ్ళాము. కోట్లు అప్పగించి, ఆ రోజు రచనల మీద జరిగిన పరిచయ ప్రసంగం విని, లోపలికి వెళ్ళి కూర్చున్నాము. మొదటి వయొలిన్ విద్వాంసురాలు వచ్చి పియానో మీద ఎ స్వరం మీటగా, ఓబో ఆ స్వరాన్ని అందుకుంది, తక్కినవారు శ్రుతి కలుపుకున్నారు. పియానో ఉన్న రోజున శ్రుతికి అదే ఆధారం, దాన్ని అక్కడికక్కడ మార్చలేరు కదా. తంబూరా వినబడని ఆ హాల్లో నేను మనసులో షడ్జం పట్టుకుని కూర్చున్నాను.

ఓబో గ రి స స ఎత్తుకున్నప్పుడు ఇంట్లో హెడ్‌ఫోన్లలో నాకు తెలియని సంగతి ఒకటి తెలిసింది. ఆ పాటను ఓబో వాయించేటప్పుడు పియానిస్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల కాస్త ఓబో వైపు తిప్పి వింటున్నాడు. ఓబో ముగించిన తరువాత అదే పాటను అంతే సన్నని ధ్వనితో, ఓబో ఊపిరి తీసుకున్న చోటనే తానూ చెయ్యి లేపుతూ జవాబిచ్చాడు. గాత్రం వెనక వయొలిన్ అనుసరించే తీరు పెరిగిన నాటి నుంచి చూసినదాన్ని కాబట్టి ఆ మర్యాదను వెంటనే గుర్తుపట్టాను. ఎ ఫ్లాట్ చోట క్లారినెట్ వాద్యకారుడు, పియానిస్టు ఒకరి కోసం ఒకరు క్షణంలో వందోవంతు ఆగడం కంటికి కూడా కనబడింది. మూడో భాగంలో తక తక తక చోటు వచ్చేసరికి బూటు లోపల బొటనవేలితో తకిట వేస్తున్నాను. కండక్టరు చేతి కదలికను బాగా చిన్నది చేసుకున్నాడు, తీగలు బొటాబొటిగా వినపడేంత ధ్వనిలో ఆ విరుపును సూదిమొన మీద నిలబెట్టాయి.

విరామంలో చెల్లెలు అడిగింది.

“అక్కా, అంతమంది వాయిస్తుంటే పియానో ఒక్కటీ అంత బాగా ఎలా వినబడిందే? మైకు కూడా లేదు కదా.”

“వాళ్ళందరినీ ఒక్కసారిగా పియానో మీదికి వదల్లేదు కదమ్మా. చూశావా, ట్రాంబోన్లు లేనే లేవు, హార్న్‌లు రెండే. పియానో పాడుతుంటే వయొలిన్లు కింద మెల్లగా పట్టుకుని ఉంటాయి, లేదా ఒక్క క్లారినెట్టే పక్కన ఉంటుంది. అందరూ గట్టిగా వాయించేచోట పియానో ఆగుతుంది.”

“అయితే ట్రాంబోన్ల వాళ్ళు ఇప్పుడు వస్తారా?”

“వస్తారు గాని మూడు భాగాలూ ఊరికే కూర్చుంటారు. నాలుగో భాగం మొదట్లో చూడు.”

ఆమెకు ఎనిమిది బార్ల లెక్క చెప్పి, కార్యక్రమ పత్రిక వెనక స రి గ మ, మ ప, ప స అని రాసి ఇచ్చాను. తనకు సంగీతం రాదు, ఎనిమిది దాకా లెక్కపెట్టడానికి అది అవసరమూ లేదు.

సింఫనీ మొదటి భాగం అయ్యాక నాకు చప్పట్లు కొట్టాలన్నంత ఉద్వేగం కలిగింది. భాగాల మధ్య చప్పట్లు కొట్టకపోవడం ఇప్పటి ఆనవాయితీ. ఆ విరామాల్లో జనం దగ్గి, సర్దుకుని కూర్చుంటారు. భళా, శభాష్ అంటూ వినే సభల్లో పెరిగిన మనకు ఇది కష్టమే. బ్రామ్స్ కాలంలో ఇలా లేదు. 1897 మార్చి 7న వియన్నాలో హాన్స్ రిక్టర్ ఈ సింఫనీని నిర్వహించినప్పుడు, జబ్బుతో చిక్కి శల్యమై బాక్సు సీట్లో కూర్చున్న బ్రామ్స్‌కు జనం ప్రతి భాగం తరువాతా చప్పట్లు కొట్టారు. అతను విన్న చివరి కచేరీల్లో అది ఒకటి. ఏప్రిల్ 3న కన్నుమూశాడు. ప్రతి భాగానికీ అక్కడికక్కడే స్పందించిన ఆ శ్రోతలే సరైనవాళ్ళని నా అభిప్రాయం.

నాలుగో భాగం మొదలైనప్పుడు, అప్పటిదాకా కదలకుండా కూర్చున్న ముగ్గురు ట్రాంబోన్ వాద్యకారులు వాద్యాలెత్తారు. స రి గ మ, మ ప, ప స. ఎనిమిది స్వరాలూ ఎనిమిది స్తంభాలు పాతినట్టు నిలబడ్డాయి. మొదటి ఆవర్తనాల్లో ఆ వరుసను పోల్చుకోవడం సులువు. నాలుగో ఆవర్తనంలో అది కింది స్థాయికి దిగిపోయి, పైన వయొలిన్లు విశాలమైన పాట అందుకోగానే చాలామంది పాట వెంట వెళ్ళిపోతారు. నేను లఘువు, ద్రుతం, ద్రుతం వేసుకుంటూ కింది బాస్ వాద్యాల వైపే చూస్తున్నాను, అందువల్ల పాట, దాని కింద నడిచే వరుస రెండూ ఒకేసారి వినబడ్డాయి. హాలుకు వెళ్ళి వినడం వల్ల కలిగే లాభం నాకు ఇక్కడ స్పష్టంగా తెలిసింది: రికార్డింగులో ఒకే ముద్దగా వచ్చే ధ్వనిలో ఏ పొర ఎక్కడి నుంచి వస్తోందో ఇక్కడ కళ్ళు చూపిస్తాయి, చెవి అటే వెళుతుంది. ఫ్లూట్ ఆవర్తనంలో తాళం రెండు కళల్లోకి విచ్చుకుంది. ఆ పెద్ద హాల్లో ఒక్క మనిషి ఊపిరి, దాని కింద హార్న్‌లు, తీగల చిన్న చిన్న అడుగులు. ఫ్లూట్ విద్వాంసురాలు వాక్యాల చివర్లను మరీ సాగదీయకుండా, కంపనం తగ్గించి, నిట్టూర్పును నిట్టూర్పుగానే వదిలింది. తరువాత మేజర్‌లో ట్రాంబోన్లు మెత్తగా ప్రార్థనాగీతంలా వాయించి, పదహారో ఆవర్తనంలో మొదటి వరుస మళ్ళీ పూర్తి బలంతో విరుచుకుపడేసరికి చెల్లెలు నా మోచేయి పట్టుకుంది. పత్రిక మీద రాసిచ్చిన వరుస తనకు దొరికిందన్నమాట. ఈ సింఫనీ మైనర్‌లోనే, ఏ ఓదార్పూ లేకుండా ముగుస్తుంది. చప్పట్లు చాలాసేపు సాగాయి. కండక్టరు మొదట లేపి నిలబెట్టింది ఫ్లూట్ విద్వాంసురాలినే.

ట్రాములో తిరిగివస్తూ ఇద్దరం తరువాతి కచేరీ గురించి మాట్లాడుకున్నాము. బ్రామ్స్ డి మైనర్ పియానో కన్సర్టో వినాలని నా కోరిక. 1859 జనవరి 27న ఇదే ఊళ్ళో, పాత గెవాండ్‌హౌస్‌లో, ఇరవై అయిదేళ్ల బ్రామ్స్ స్వయంగా దాన్ని వాయిస్తే శ్రోతలు బుసలు కొట్టి తిరస్కరించారు. ఇప్పుడు అదే వాద్యబృందం దాన్ని తన సొంత ఆస్తిలా వాయిస్తుంది. స్కోరు దించుకుని మొదటి పేజీలు చూశాను. మొదటి భాగానికి బార్‌కు ఆరు మాత్రలు. తకిట తకిటకూ తక తక తకకూ మళ్ళీ పని పడేలా ఉంది.